నిమ్మగడ్డి వరి చేలో వద్దు, లంకలో వట్టివేరు వేసి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమలాపురం దగ్గర మూడెకరాలు: ఎకరంన్నర కాలువ కింద వరి చేను, ఎకరం కొబ్బరి తోట, ముక్తేశ్వరం వైపు గోదావరి గౌతమి పాయలోని లంకలో (ఏటి నడుమ మేట భూమిలో) అరెకరం. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, సేద్యం నాన్నగారు చూస్తున్నారు. నిమ్మగడ్డి వేసి నూనె తీస్తే ఎకరానికి ఏడాదికి మూడు లక్షలు మిగులుతాయని ఒక వీడియోలో చూశారు. ఒక సంస్థ వాళ్ళు పిలకలు తామే అమ్మి, నూనె తిరిగి తామే కొంటామంటున్నారు. వరి మానేసి ఆ ఎకరంన్నరలో నిమ్మగడ్డి వేయవచ్చా అని మీ ప్రశ్న.

వరి చేలో వద్దు. కొబ్బరి తోటలో పది సెంట్లతో చూడవచ్చు. లంకలో వేయవచ్చు, కాకపోతే అక్కడ వేయాల్సింది నిమ్మగడ్డి కాదు, వట్టివేరు. గడ్డిని ఉడికించి నూనె తీసే బట్టీ మీరొక్కరే పెట్టుకోకండి. ఆ సంస్థ దగ్గర పిలకలు కొనకండి. ఇంతటితో ఆపేసినా సమాధానం పూర్తయినట్టే. కానీ కారణాలు చెప్పకపోతే మీరు రేపు ఇంకో వీడియో చూసి మనసు మార్చుకుంటారు, నాన్నగారు అసలే ఒప్పుకోరు. అందుకని కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

మొదట నూనె లెక్క. పచ్చి నిమ్మగడ్డిలో నూనె నూటికి అర పాలు నుంచి ముప్పావు పాలు మధ్య ఉంటుంది. రకాన్ని బట్టి, కోసిన కాలాన్ని బట్టి, బట్టీ నడిపే మనిషిని బట్టి మారుతుంది. మా బట్టీలో టన్నుకు ఆరు కిలోలు వస్తే ఆ రోజు అందరం నవ్వుతూ ఇంటికి వెళ్తాం. వానలో తడిసిన గడ్డి వేస్తే నాలుగు కూడా రాలేదు. టన్ను గడ్డి కోసి, మోసి, ఉడకబెడితే ఆరు కిలోలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంటుంది గానీ, ఎలుక మాత్రం ఘుమఘుమలాడుతుంది.

నీటి వసతి ఉన్న ఎకరంలో రెండో ఏడాది నుంచి నాలుగు కోతలు తీయవచ్చు. అన్నీ కలిపి 10 నుంచి 12 టన్నుల గడ్డి వస్తుంది. అంటే 60 నుంచి 70 కిలోల నూనె. నేను ఇన్నేళ్ళలో కిలో 700కూ అమ్మాను, 1,500కూ అమ్మాను. 1,000 రూపాయలనే పట్టుకుందాం. 65 వేలు చేతికి వస్తుంది. కోతకు, మోతకు, కట్టెలకు, బట్టీ దగ్గర ఇద్దరు మనుషులకు కలిపి టన్నుకు రెండు వేల పైచిలుకు పోతుంది, మొత్తం మీద పాతిక వేలు. కలుపు, ఎరువు, నీరు మరో 11 వేలు. మొదటి ఏడాది పిలకలకు, నాటుకు పెట్టిన పెట్టుబడిని అయిదేళ్ళకు పంచితే ఏడాదికి 5 వేలు. మిగిలేది 24 వేలు. మీరు వీడియోలో చూసిన మూడు లక్షలు రావాలంటే కిలో నూనె అయిదు వేలకు అమ్ముడుపోవాలి. అంత ధరకు నిమ్మగడ్డి నూనె కొన్నవాడు నాకైతే ఇంతవరకు తారసపడలేదు.

ఇప్పుడు ఆ 24 వేలను మీ వరి చేను పక్కన పెట్టి చూడండి. మీ ఊళ్ళో మగతా, అంటే చేను కౌలుకిస్తే వచ్చే ధాన్యం, ఎంతో నాన్నగారికి తెలుసు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కలిపి ఎకరానికి 20 బస్తాలే అనుకున్నా, 75 కిలోల బస్తా లెక్కన 15 క్వింటాళ్ళు. సాధారణ రకం ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మీరు గట్టు మీద కాలు పెట్టకుండానే 35 వేలు దాటుతుంది. నిమ్మగడ్డి నీరు లేని మెట్టల్లో, కొండ వాలుల్లో, మగతా అనే మాటే లేని నేలల్లో కూడా పెరుగుతుంది. ఆ నేలల్లో పండించేవాడితో ధరలో పోటీ పడడానికి కాటన్ దొర కాలువ కింద భూమిని వాడడం నాకు అర్థం కాని పని.

డబ్బు సంగతి సరే, నేల కూడా ఒప్పుకోదు. నేను ఈ పనిలోకి దిగింది 2011లో. ఆ ఏడాది మన కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు, గుర్తుండే ఉంటుంది. మురుగు కాలువలు పూడిపోయి, కూలి పెరిగి, ధర పడిపోయి, ఊళ్ళకు ఊళ్ళు నాట్లు మానేశాయి. నేనూ మానేశాను. ఖాళీగా ఉన్న ఎకరంలో పామరోజా అనే సుగంధ గడ్డి వేశాను. దాని నూనెలో గులాబీ వాసనకు మూలమైన జెరానియాల్ ఉంటుంది, నిమ్మగడ్డి నూనె కన్నా ధర ఎక్కువ. విత్తనం తెప్పించి, నారు పోసి, తెలివైన పని చేశానని మురిసిపోయాను. మరుసటి ఏడాది చుట్టూ అందరూ మళ్ళీ వరి వేశారు. పక్క చేలల్లో ఊడ్పు నీళ్ళు నిలబడితే నా చేను ఊట పట్టింది. పైన వాన, కింద ఊట. అక్టోబరు నాటికి దుబ్బులు పసుపు రంగుకు తిరిగి, పట్టుకుంటే వేళ్ళతో సహా చేతికి వచ్చాయి. పల్లపు నేలలో నలుగురూ నీళ్ళు పెట్టుకున్నప్పుడు మీరొక్కరే ఆరుతడి పంట వేయలేరు. ఇది తెలుసుకోవడానికి నాకు ఎకరం పామరోజా ఖర్చయింది, మీకు ఉచితంగా చెబుతున్నాను.

నిమ్మగడ్డి అంత సున్నితం కాదు, వానలకు తట్టుకుంటుంది. అయినా వారం పది రోజులు నీళ్ళు నిలిస్తే దుబ్బు మధ్యలో కుళ్ళుతుంది. అంతగా ముచ్చటగా ఉంటే చేను గట్ల మీద, పుంత పక్కన మెరక ఉన్నచోట నాటండి. పశువులు దాన్ని పెద్దగా ముట్టవు, గట్టు కోసుకుపోకుండా పట్టుకుంటుంది. బట్టీకి అలవాటు పడడానికి ఆ గడ్డి చాలు.

ఇక కొబ్బరి తోట. తోటలో నిమ్మగడ్డి వేయమని చెప్పేవాళ్ళు ఉన్నారు. పెరుగుతుంది కూడా. కానీ నిమ్మగడ్డికి, పామరోజాకు, సిట్రొనెల్లాకు ఎండే నూనె. నీడలో ఆకు పొడుగ్గా, నవనవలాడుతూ వస్తుంది, బట్టీలో వేస్తే నూనె బొట్టు బొట్టుగా ఏడుస్తుంది. నీడను కోరుకునే సుగంధ మొక్క ప్యాచౌలి. చూడడానికి తులసికి అక్కలా ఉంటుంది, ఆకు నలిపితే తడిసిన మట్టి వాసన. అత్తర్లలో, అగరుబత్తీల్లో వాసన ఎక్కువసేపు నిలవడానికి దాని నూనె వాడతారు. ప్రపంచానికి ఎక్కువ భాగం ఇండోనేసియా నుంచే వస్తుంది, మన దేశమూ దిగుమతి చేసుకుంటుంది. ఆకును పచ్చిగా కాకుండా నీడలో ఆరబెట్టి బట్టీలో వేస్తారు, ఎండిన ఆకులో నూటికి రెండు పాళ్ళకు పైగా నూనె ఉంటుంది. నూనె నిలవ ఉన్నకొద్దీ వాసన మెరుగవుతుందని పేరు, కాబట్టి ధర లేనప్పుడు దాచుకోవచ్చు.

కాగితం మీద ఇంత బాగున్న మొక్క తోటలో ఎందుకు కనిపించదంటే, కారణాలు నాలుగున్నాయి. దాని వేళ్ళకు నులిపురుగు బుడిపెలు కట్టిస్తుంది, అరటి, కూరగాయలు వేసిన నేలలో మరీ ఎక్కువ. మొక్క ఎప్పుడూ తేమ అడుగుతుంది గానీ నిలవ నీటిని భరించదు, ఏప్రిల్ దాటాక కాలువలు కట్టేస్తే బోరు లేని తోటలో వాడిపోతుంది. దింపు రోజున పైనుంచి పడే గెలలు, మట్టలు మొక్కలను విరిచేస్తాయి. నాలుగోది ఈ మధ్య వచ్చిపడిన బెడద. కొబ్బరి ఆకు అడుగున సర్పిలాకార తెల్లదోమ చేరి తేనె లాంటి జిగురు కారుస్తుంది, కింద ఉన్న ఆకుల మీద ఆ జిగురు పడి నల్లటి మసి పడుతుంది. మసి పట్టిన ప్యాచౌలి ఆకును కొనేవాడు చేతిలోకి కూడా తీసుకోడు. తోటలో ఇప్పటికే కోకో ఉంటే దాన్ని కదపకండి. ఖాళీగా ఉంటే, బోరు ఉంటే, చెట్లు ముదిరి వెలుగు చారలు చారలుగా పడుతుంటే, పది సెంట్లలో ఒక ఏడాది చూడండి. అంతకు మించి ఇప్పుడే వద్దు.

మీరు అడగలేదు గానీ, కడియం దగ్గర ఇన్ని పూలతోటలు ఉన్నాయి కదా, మల్లె నూనె తీయవచ్చా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. మల్లెను ఆవిరి బట్టీలో ఉడికిస్తే మల్లె వాసన రాదు, ఉడికిన పూల వాసన వస్తుంది. దానికి హెక్సేన్ లాంటి ద్రావకంతో నడిచే కర్మాగారం కావాలి, మంటలు అంటుకునే సరుకు, పెరట్లో చేసే పని కాదు. మొగలి మాట కూడా వస్తుంటుంది. ఒడిశాలోని గంజాం జిల్లావాళ్ళు మొగలి పూలనుంచి తైలం తీసి భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. మన సముద్రపు ఒడ్డునా మొగలి పొదలు కావలసినన్ని ఉన్నాయి. కానీ అక్కడ తరతరాలుగా పువ్వు తెల్లవారకముందే కోసి బట్టీకి చేర్చే మనుషులున్నారు, మనకు ఆ పొదలో పాము ఉంటుందని పిల్లలను అదిలించడం మాత్రమే తెలుసు.

ఇప్పుడు మీ అరెకరం లంక. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు మాత్రం మీ మూడెకరాల్లో ఆశ ఉన్నది అక్కడే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు దిగువకు వదిలినప్పుడు ఆ లంకలో ఏం జరిగిందో మీకు తెలుసు. మీ పొలంలో సగం మేర ఇసుక మేట వేసిందని, అప్పటినుంచి కూరగాయలు సరిగా రావడం లేదని రాశారు. ఇసుక మేట వట్టివేరుకు పరుపు లాంటిది. అది నీట మునిగినా చావదు, ఉప్పు కాస్త తగిలినా ఓర్చుకుంటుంది, ఎండకు బెదరదు. ముఖ్యంగా దానికి అమ్ముడుపోయే భాగం వేరు. ఇసుకలో వేరు నిటారుగా, పొడుగ్గా దిగుతుంది, తవ్వితే తెగకుండా వస్తుంది, కడిగితే శుభ్రపడుతుంది. అదే నల్లరేగడిలో వేస్తే తవ్వడానికి గునపాలు వంగిపోతాయి, మట్టి వదలదు, సగం వేరు నేలలోనే ఉండిపోతుంది.

వరద తీశాక, నవంబరులో ఇసుక ఇంకా చెమ్మగా ఉన్నప్పుడు పిలకలు నాటండి. మరుసటి ఏడాది వరద మీదుగా పోనివ్వండి. ఆ తరువాతి జనవరిలో తవ్వండి. పద్నాలుగు నెలలు. అంతకు ముందే తవ్వితే వేరులో నూనె పలచగా ఉంటుంది, మరీ ఆలస్యమైతే వేరు ముదిరి చెక్కలా అవుతుంది. మేము మొదటిసారి ఆశపడి తొమ్మిది నెలలకే తవ్వాం. వేరు చూడడానికి దండిగా ఉంది, నూనె మాత్రం పచ్చి వాసన వేసి, కొనేవాడు ముక్కు దగ్గర పెట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. పిలకలు ఎక్కడపడితే అక్కడ ఏటి ఒడ్డున పీక్కొచ్చి నాటకండి. పూసి విత్తనం రాల్చే రకాలు పొలంలో కలుపైపోతాయి, వాటి నూనె గుణమూ వేరు. ధరిణి, సిమ్-వృద్ధి లాంటి పేరున్న రకాలు తెచ్చుకోండి.

మీ అరెకరంలో ఎండిన వేరు 300 నుంచి 400 కిలోలు వస్తుందనుకుంటే నూనె మూడు కిలోలకు అటూ ఇటూ. గత ఏడాది నేను కిలో 14 వేలకు ఇచ్చాను. అంటే 42 వేలు వస్తే తవ్వకం, కడగడం 15 వేలు మింగుతాయి. పద్నాలుగు నెలలకు పాతిక వేలు మిగలవచ్చు. పెద్ద మొత్తం కాదని నాకూ తెలుసు. కానీ అది ఇప్పుడు ఏమీ ఇవ్వని నేల నుంచి వచ్చే డబ్బు, వరి చేను మగతా దాని పాటికి అది వస్తూనే ఉంటుంది. పైగా వట్టివేరుకు ఒక వెసులుబాటు ఉంది. నూనె తీయకుండా వేరుగానే అమ్మవచ్చు. తడికలు అల్లేవాళ్ళు, కూలర్లలో పెట్టేవాళ్ళు, ఆయుర్వేద దుకాణాలవాళ్ళు కొంటారు. మార్చిలో అమ్మకానికి పెడితే ఎండలే మీ తరఫున బేరం ఆడతాయి.

ఒక జాగ్రత్త. వట్టివేరు బట్టీ పని నిమ్మగడ్డి లాంటిది కాదు. నిమ్మగడ్డి మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. వట్టివేరుకు రాత్రీ పగలూ, ఒక్కోసారి 24 గంటలు దాటి మంట పెట్టాలి. దాని నూనె బరువు దాదాపు నీటి బరువే, నిమ్మగడ్డి నూనె తేలినట్టు చక్కగా పైకి తేలదు, నీటిలో మబ్బులా తిరుగుతూ ఉంటుంది. తొందరపడి నీళ్ళు పారబోస్తే నూనెను పారబోసినట్టే. మేము ఆ నీటిని పారబోయకుండా మళ్ళీ బట్టీలోకే పోస్తాం.

బట్టీ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాపారంలో పొలం సగమే. మొదటిసారి మా షెడ్డులో పొగ లేచి, గొట్టం చివర చుక్కలు కారడం మొదలైన రోజు సాయంత్రానికి పోలీసులు వచ్చారు. ఎవరో నాటుసారా కాస్తున్నారని చెప్పారట. వాళ్ళకు పాత్ర మూత తీసి చూపించి, చెరొక చిన్న సీసా నిమ్మగడ్డి నూనె ఇచ్చి పంపాం. నవ్వులాటకు చెప్పడం లేదు, ఆవిరి పట్టి చల్లార్చడం రెండింటిలోనూ ఒకటే పద్ధతి. కింద నీళ్ళు, వాటి పైన చిల్లుల పళ్ళెం, పళ్ళెం మీద గడ్డి, పైన బిగుతు మూత, మూత నుంచి గొట్టం, గొట్టం చుట్టూ చల్లటి నీళ్ళు, చివర నూనెను నీటినుంచి వేరుచేసే పాత్ర. ఇంతే.

ఇంతే అన్న దాంట్లోనే తేడాలన్నీ ఉన్నాయి. గడ్డిని కోసిన వెంటనే వేయకండి, ఒక పూట నుంచి ఒక రోజు నీడలో వాడ్చండి, తేమ తగ్గి బట్టీలో ఎక్కువ పడుతుంది, కట్టెలు కలిసి వస్తాయి. కుప్పగా పోస్తే వేడెక్కి పులుస్తుంది, పలచగా పరవాలి. బట్టీలో నింపేటప్పుడు పొరలు పొరలుగా వేసి అంచుల దగ్గర బాగా తొక్కాలి. ఎక్కడ సందు ఉంటే ఆవిరి అక్కడినుంచి దారి చేసుకుని పైకి పోతుంది, చుట్టూ ఉన్న గడ్డిలో నూనె అలాగే ఉండిపోతుంది. మా పెద్ద కుర్రవాడు బరువు తక్కువ, అతను తొక్కిన రోజు టన్నుకు అర కిలో తక్కువ వచ్చేది. మంట మొదట నెమ్మదిగా ఉండాలి. అడుగున నీళ్ళు తగ్గి గడ్డి పాత్రకు అంటుకుంటే మాడు వాసన నూనెలోకి దిగుతుంది, అది ఏం చేసినా పోదు.

చల్లార్చే నీటి దగ్గర చాలామంది నష్టపోతారు, ఆ సంగతి వాళ్ళకు తెలియదు కూడా. గొట్టం చివర కారేది గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే నూనె గాలిలో కలిసిపోతోందని అర్థం. ఊరంతా సువాసన వస్తోందని జనం మెచ్చుకుంటే సంబరపడకండి, ఆ పరిమళం మీ జేబులోంచే పోతోంది. మాకు కాలువలో నీళ్ళున్నంత కాలం ఇబ్బంది లేదు. వేసవిలో కాలువలు కట్టేశాక తొట్టిలో నీళ్ళు తిప్పి తిప్పి వాడితే మధ్యాహ్నానికి అవే కాగిపోయేవి. అప్పటినుంచి ఏప్రిల్, మే నెలల్లో బట్టీ తెల్లవారుజామునే వెలిగిస్తాం. కట్టెలకు మాత్రం మన ప్రాంతం దీవించిన ప్రాంతం. కొబ్బరి డొక్కలు, మట్టలు, సరుగుడు కొమ్మలు ఉన్నాయి, ఒకసారి ఉడికించి ఆరబెట్టిన గడ్డి కూడా పొయ్యిలోకి పనికివస్తుంది.

పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. మామూలు ఇనుముతో నిమ్మగడ్డికి ఎలాగోలా సర్దుకోవచ్చు గానీ ప్యాచౌలి, వట్టివేరు నూనెలు ఇనుము తగిలితే నల్లబడతాయి. అర టన్ను గడ్డి పట్టే స్టీలు బట్టీ, షెడ్డు, నీళ్ళ తొట్టితో కలిపి ఈ రోజుల్లో అయిదారు లక్షలకు తగ్గదు. ఇప్పుడు ఈ లెక్క చూడండి. అది రోజుకు రెండు విడతల్లో టన్ను గడ్డి నమలగలదు. ఎకరం నిమ్మగడ్డి ఒక కోతకు మూడు టన్నులు, అంటే మూడు రోజుల పని. పదెకరాలకు ఒక కోతకు 30 రోజులు, నాలుగు కోతలకు ఏడాదిలో 120 రోజులు. పదెకరాలు ఉంటేనే ఆ పాత్ర తన తిండి తాను సంపాదించుకుంటుంది. మీ ముచ్చటకు గట్ల మీద గడ్డి, అరెకరం వట్టివేరు పెట్టుకుని బట్టీ కొంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది. బట్టీ దగ్గరగా ఉండడమూ అవసరమే. ఆరు కిలోల నూనె కోసం టన్ను బరువును ఇరవై కిలోమీటర్లు మోస్తే ఆటో అతను ఒక్కడే లాభపడతాడు. లంకలో మీ పక్కన భూములున్నవాళ్ళు ఎంతమందికి ఇసుక మేట వేసిందో కనుక్కోండి. ఎనిమిది మందో పది మందో కలిస్తే బట్టీ మాట మాట్లాడుకోవచ్చు. అప్పటిదాకా ఉన్న బట్టీకి కూలి ఇచ్చి తీయించుకోండి.

నూనె వచ్చాక కూడా పాడుచేసుకోవచ్చు, నేను చేశాను. 2013లో నా దగ్గర 40 కిలోల నిమ్మగడ్డి నూనె మిగిలింది. ధర పెరుగుతుందని రంగు ప్లాస్టిక్ డబ్బాల్లో సగం సగం నింపి రేకుల షెడ్డులో పెట్టాను. అడుగున కొంచెం నీరు ఉండిపోయింది, పైన గాలి, చుట్టూ వేడి. ఆరు నెలలకు నూనె తేనె రంగుకు తిరిగి, మూత వాషర్లు ఉబ్బి, నిమ్మ వాసన పోయి పాత వార్నిష్ వాసన వచ్చింది. సగం ధరకు ఫినాయిల్ చేసే అతనికి ఇచ్చేశాను. ఇప్పుడు రెండు రోజులు తేరనిచ్చి, నీరు తీసేసి, మిగిలిన తేమను సోడియం సల్ఫేట్ పొడితో లాగి, వడకట్టి, అల్యూమినియం డబ్బాలో మూతి దాకా నింపి, చల్లటి చీకటి గదిలో పెడతాను. ప్రతి విడతకు తేదీ, గడ్డి బరువు, నూనె బరువు రాసి అతికిస్తాను. కొనేవాడు వచ్చినప్పుడు ఆ చీటీలు చూసి మాట తీరు మారుస్తాడు.

అమ్మకం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. పెద్ద వర్తకులు ముంబయి, ఢిల్లీ, కన్నౌజ్‌లలో ఉన్నారు. వాళ్ళు చిన్న సీసాలో నమూనా అడుగుతారు, గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష చేయిస్తారు. నిమ్మగడ్డి నూనెలో చూసేది నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ ఎంత శాతం అని. 75 దాటితే మాట్లాడతారు, 80 దాటితే గౌరవంగా మాట్లాడతారు. నమూనా ఒక రకం, డబ్బా ఒక రకం పంపితే రెండోసారి ఫోను ఎత్తరు. మొదట్లోనే 100 కిలోల ఆర్డరు ఆశించకండి, చాలామంది చిన్న రైతుల దగ్గర అంత సరుకే ఉండదు కాబట్టి వాళ్ళకు మన మీద నమ్మకం కుదరడానికి రెండు మూడు ఏళ్ళు పడుతుంది.

ధర మన చేతిలో ఉండదనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. సిట్రాల్‌ను గడ్డినుంచే తీయాలని లేదు, కర్మాగారాల్లోనూ చేస్తారు. దాని నుంచి విటమిన్ ఏ, పరిమళ ద్రవ్యాలు తయారవుతాయి. 2017 అక్టోబరు 31న జర్మనీలో లుడ్విగ్స్‌హాఫెన్ అనే ఊళ్ళో బీఏఎస్ఎఫ్ సంస్థ సిట్రాల్ కర్మాగారంలో మంటలు వచ్చి సరఫరా ఆగింది. ఆ తరువాతి నెలల్లో అంతకుముందు నా ఫోను ఎత్తని వర్తకులు తామే ఫోను చేసి నూనె ఉందా అని అడిగారు. రెండు కోతలు మంచి ధరకు అమ్మాను. మా వీధిలో ముగ్గురు నన్ను చూసి నిమ్మగడ్డి నాటారు. వాళ్ళ గడ్డి కోతకు వచ్చేసరికి జర్మనీలో కర్మాగారం మళ్ళీ తిరగడం మొదలైంది, ధర తన చోటికి తాను దిగిపోయింది. ఆ ముగ్గురిలో ఒకరు నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడరు.

చిన్న సీసాల్లో నింపి మనమే అమ్ముకుంటే కిలోకు మూడు నాలుగు రెట్లు వస్తుందన్న మాట నిజమే. మా ఆవిడ 10 మిల్లీలీటర్ల సీసాలు, బట్టీ నీటితో నేల తుడిచే ద్రవం చేసి రాజమండ్రిలో నాలుగు దుకాణాలకు ఇస్తుంది. దాని మీద వచ్చే ఆదాయం నా డబ్బాల ఆదాయం కన్నా నిలకడగా ఉంటుంది, ఒప్పుకోవడం కొంచెం కష్టమే అనుకోండి. కానీ అది వ్యవసాయం కాదు, దుకాణం చుట్టూ తిరిగే పని, బాకీలు వసూలు చేసే పని. సీసా మీద ఫలానా జబ్బు తగ్గుతుందని ఒక్క ముక్క రాసినా మందుల లైసెన్సు అడుగుతారు. సబ్బు చేసి అమ్మాలన్నా లైసెన్సు కావాలి.

ఆ సంస్థ సంగతి. పిలకలు తామే అమ్మి, నూనె తామే కొంటామనేవాళ్ళలో చాలామంది వ్యాపారం పిలకల దగ్గరే ముగుస్తుంది. ఎకరానికి పదిహేను వేలకు పైగా పిలకలు, పిలక రెండు రూపాయలు, ముందే మొత్తం డబ్బు. నిమ్మగడ్డి దుబ్బు ఒకటి ఏడాదికి 30, 40 పిలకలు ఇస్తుంది, తోటలో పది దుబ్బులున్న ఎవరైనా మీకు ఒక సంచి ఊరికే ఇస్తారు. మా మండలంలో అలాంటి ఒప్పందం మీద ఇరవై ఎకరాలు వేశారు. ఒప్పందంలో నూనె 80 శాతం సిట్రాల్ ఉంటేనే కొంటామని, ధర అప్పటి మార్కెట్ ప్రకారమని చిన్న అక్షరాల్లో ఉంది. నూనె తీసేసరికి ఆ ఫోను నంబరు పనిచేయలేదు. మీ చేతిలో ఉన్న ఒప్పందంలో మూడు సంగతులు వెతకండి: కిలోకు కనీస ధర అంకెల్లో ఉందా, పరీక్ష ఎవరి ప్రయోగశాలలో చేస్తారు, కొనకపోతే పరిహారం ఎంత. ఈ మూడూ ఉంటే నాకు ఫోటో పంపండి, నేనూ సంతకం పెడతాను.

మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక పని సులువు. లక్నోలోని సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర పరిశోధన సంస్థ) వారి పరిశోధన కేంద్రం బోడుప్పల్‌లో ఉంది. 2017లో మొదలైన అరోమా మిషన్ కింద సుగంధ పంటల మీద శిక్షణ ఇస్తున్నారు, మంచి రకాల నాటు సరుకు దొరుకుతుంది, నూనె పరీక్ష గురించీ చెబుతారు. ఒక శనివారం సెలవు పెట్టుకునే ముందు ఫోను చేసి వాళ్ళు ఆ రోజు పనిచేస్తారో లేదో కనుక్కుని వెళ్ళండి, నేను మొదటిసారి గేటు చూసి తిరిగివచ్చాను. వట్టివేరు పిలకలు వాళ్ళను అడగండి. మొదట అరెకరం మొత్తానికి కాదు, పది సెంట్లకు తెచ్చుకుని లంకలో ఒక చాలులో పెంచుకుంటే, వచ్చే నవంబరుకు మిగతా భాగానికి మీ పిలకలే సరిపోతాయి.

నాన్నగారు ఒప్పుకోకపోతే వాదించకండి. గట్టు మీదో పెరట్లోనో నిమ్మగడ్డి ఉన్నవాళ్ళ దగ్గర ఓ అయిదు వందల కిలోలు పోగుచేసి, ఆయన్ను వెంటబెట్టుకుని మా బట్టీకి తీసుకురండి. మేము రావులపాలెం అవతల ఉంటాం. కూలి, కట్టెల డబ్బులు ఇస్తే చాలు. ముందు రోజు పొద్దున్నే మంచు ఆరాక కోయించి, నీడలో పలచగా పరిచి, వాన మబ్బు ఉంటే ఆ రోజుకు మానేసి, మరునాడు తెల్లవారకముందే బయలుదేరండి. గడ్డి తూకం, నూనె తూకం ఆయన చేతే వేయిద్దాం.